కుట్టు ముందు, కులుకు తరువాత

పాత హ్యాండ్‌బ్యాగుకి ముస్తాబు చెయ్యటమనే జబ్బు మన ఆడవాళ్ళలో బాగా ముదిరింది. జబ్బు అన్నానని కోపగించుకోకండి. ఈ మధ్య ఏ ఇంటికి వెళ్ళినా, "ఇది చూడండి పిన్నిగారూ, పారేద్దామనుకున్న బ్యాగు, ఎలా మార్చేశానో!" అంటూ ఒకటి తెచ్చి చేతిలో పెడుతున్నారు. దాని నిండా రాళ్ళు, పూసలు, చెమ్కీలు, అద్దాలు, పట్టుచీర అంచు ముక్కలు, పక్కన వేళ్ళాడే కుచ్చులు. పీటల మీద కూర్చునే పెళ్ళికూతురు కూడా అన్ని నగలు పెట్టుకోదు. మర్యాదకి "చాలా బావుందమ్మా" అంటాను. అని వూరుకోక, జిప్పు లాగి చూస్తాను. జిప్పు సగంలో ఆగిపోతుంది. పిడి పట్టుకుని ఎత్తి చూస్తాను. ఒక పక్క కుట్టు వూడి రెండు పోగుల మీద ప్రాణం నిలుపుకుని వుంటుంది. లోపల అస్తరు చిరిగి, చిల్లర డబ్బులన్నీ ఆ చిరుగులోంచి అడుక్కి జారి గలగలమంటాయి. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దవాళ్ళు వూరికే అనలేదు.

నా తగవు అలంకారంతో కాదు సుమండీ! గుమ్మానికి పసుపు, ముంగిట్లో ముగ్గు, జడలో పువ్వు లేకుండా పెరిగినదాన్ని కాదు నేను. పాత వస్తువుని పారెయ్యకుండా వాడుకోవాలన్నా నాకు అభ్యంతరం లేదు. పైగా అలా వాడుకునేవాళ్ళంటే గౌరవం. నా తగవల్లా బాగుచెయ్యకుండా చేసే అలంకారంతో. చిరుగు మీద పువ్వు అంటిస్తే చిరుగు పోదు, కనిపించటం మానేస్తుంది. మసిబూసి మారేడుకాయ చెయ్యటమంటే ఇదే. పాత వస్తువుకి బలం ఇవ్వని అలంకారం అలంకారమే కాదు, ముసుగు.

"ఖర్చు లేని పని కదండీ" అంటారు. అబ్బే, ఆ లెక్క నాకు చెప్పకండి. మా పక్కవాటాలో వున్న అమ్మాయి ఒక బ్యాగుని ముస్తాబు చేసింది. నేను పక్కన కూర్చుని లెక్క కట్టాను. జిగురు కరిగించే తుపాకీ ఒకటి, అందులో పెట్టే జిగురు కడ్డీలు, మూడు రంగుల రాళ్ళ పొట్లాలు, ముత్యాల దండ, లేసు రెండు గజాలు, కుచ్చులు ఒక జత. అన్నీ కలిపి ఎనిమిది వందలు దాటాయి. ఆ బ్యాగు కొన్నది ఆరు వందలకి! దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదన్న సామెత ఇలాంటి సందర్భంలోనే పుట్టి వుంటుంది.

ఇంకో చిక్కు వుంది. మనకి కావలసినవి పన్నెండు రాళ్ళు. పొట్లంలో వచ్చేవి వంద. మిగిలిన ఎనభై ఎనిమిదినీ ఏం చెయ్యాలి? ఒక డబ్బాలో పోసి, ఇంకో పాత వస్తువు కోసం వెతుకుతాం. అది దొరికేసరికి ఈ రంగు దానికి నప్పదు, కాబట్టి మళ్ళీ ఇంకో పొట్లం. పాతదాన్ని వాడుకోవాలని మొదలుపెట్టిన పని చివరికి కొత్తవి కొనటానికి సాకుగా మారిపోతుంది. మా అత్తగారికి ఒక బిస్కెట్ల డబ్బా వుండేది. వూడిన బొత్తాలు, చిరిగిన జాకెట్ల హుక్కులు, పాత లంగాల బొందులు, కత్తిరించి మిగిల్చిన అంచులు అన్నీ అందులోనే. ఆవిడ ఏం కుట్టినా ఆ డబ్బాలోంచే తీసేది. అందుకని ఆవిడ చేతిపనికి ఖర్చు లేదంటే నమ్ముతాను. బజారుకి వెళ్ళి సంచెడు సామాను తెచ్చుకుని పొదుపు అంటే ఎలా నమ్మను?

ఇక జిగురు సంగతి. ఫోన్లలో వచ్చే వీడియోల్లో ప్రతిదీ జిగురే. చిటికెలో అతుకుతుంది, చూసేవాళ్ళకి ముచ్చటగా వుంటుంది. కానీ ఆ వేడి జిగురు అనేది వేడికి కరిగే ప్లాస్టిక్కేనన్న సంగతి మనం మరిచిపోతున్నాం. కరిగించి పెట్టినది మళ్ళీ వేడి తగిలితే మెత్తబడదూ? మన విజయవాడలోనో, రామగుండంలోనో మే నెలలో ఎండ నలభై అయిదు డిగ్రీల దాకా వెళ్ళటం మామూలే. అలాంటి రోజున తలుపులు మూసి ఎండలో నిలబెట్టిన కారులో వేడి అరవై డిగ్రీలు దాటుతుంది. మీ బ్యాగు అక్కడ ఒక్క పూట పడివుంటే రాళ్ళు ఒక్కొక్కటే పక్కకి జారటం మొదలుపెడతాయి. రాలి పడినది పోగా, మిగిలినది పైట కొంగుని పట్టుకుంటుంది. ముస్తాబు చేసిన బ్యాగు జార్జెట్ చీర పోగు లాగేస్తే ఎవరికి నష్టం?

అంతకన్నా పెద్ద మోసం బ్యాగు లోపలే వుంది. ఈనాటి చవక బ్యాగులు చాలావరకు తోలువి కావు. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత పూసినవి. మనం అన్నిటినీ కలిపి రెక్సిన్ అంటాం. నిజానికి రెక్సిన్ అన్నది ఇంగ్లండులో ఒకప్పుడు తయారైన ఒక నకిలీ తోలు పేరు. ఇప్పుడు వచ్చేవాటిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. పాలీయూరిథేన్ పూత పూసినది ఒకటి. చేతికి మెత్తగా, అచ్చం తోలులాగే వుంటుంది. కానీ గాలిలో వుండే తేమకి అది దానంతటదే శిథిలమవుతుంది. వాడినా సరే, వాడకుండా బీరువాలో దాచినా సరే, కొన్నేళ్ళకి పొట్టు రేగిపోతుంది. "ఒక్కసారి కూడా వాడలేదండీ, ఎలా పాడయిందో!" అని వాపోయేవాళ్ళ బ్యాగులు చాలావరకు ఈ రకమే. రెండోది పీవీసీ పూత. దాన్ని మెత్తగా వుంచటానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది నెమ్మదిగా బయటికి పోయినకొద్దీ పూత గట్టిపడి పగుళ్ళిస్తుంది. పొట్టు రేగుతున్న గోడకి వెల్ల వేసి ఏం లాభం? మీరు రాయి అంటిస్తున్నది బ్యాగుకి కాదు, రేపో మాపో వూడిపోయే పొరకి. పొరతోపాటే రాయీ పోతుంది.

అందుకని ముస్తాబు మొదలుపెట్టే ముందు బ్యాగుకి పరీక్ష పెట్టండి. చిరిగిన అంచు దగ్గర కళ్ళు పెట్టి చూడండి. పై పొర కింద గుడ్డ నేత కనిపిస్తే అది పూత. నూగులాంటి పీచు కనిపిస్తే తోలు. పూత రేగటం మొదలైన బ్యాగు మీద ఆశ పెట్టుకోకండి. దాని జిప్పు, కొక్కేలు, బకిల్సు, ఇత్తడి రింగులు విప్పి డబ్బాలో వేసుకుని దానికి సెలవిచ్చెయ్యండి. తోలుదైనా, గుడ్డదైనా, గోనెదైనా అయితే కూర్చుని కుట్టండి. దాని మీద పెట్టిన శ్రమ వృథా కాదు.

కుట్టమంటున్నాను, అంటించమనటం లేదు. ఎందుకో చెబుతాను. అలంకారమంటే ఏమిటో మనకి నేర్పవలసినవాళ్ళు ఫోన్లలో లేరు. మన వూళ్ళ పక్కన తండాల్లో వున్నారు. లంబాడీ స్త్రీల పనితనం చూడండి. అద్దాలు, గవ్వలు, నాణేలు, పూసలు, ఎన్ని వుంటాయో! అంత బరువున్న ముస్తాబు వేసుకుని కూలిపనికి వెళ్ళారు, బరువులు మోశారు, ఎండలో మైళ్ళకి మైళ్ళు నడిచారు. జిగురు ముక్క లేదు. అద్దానికి చిల్లి వుండదు కదా, మరి ఎలా నిలుస్తుంది? ముందు అద్దం మీదుగా అడ్డంగా, నిలువుగా పోగులు లాగి చట్రం కడతారు. తరువాత ఆ చట్రాన్నీ కింది గుడ్డనీ కలిపి చుట్టూ బిగువుగా కుట్టుకుంటూ వస్తారు. పోగులు అంచుకి లాగబడి అద్దం గూట్లో కూర్చున్నట్టు కూర్చుంటుంది. గుడ్డ చిరగాలేగాని అద్దం వూడదు. ఆ కుట్టు వల్ల కింది గుడ్డ కూడా గట్టిపడుతుంది. అందం, బలం ఒకే దారంలో వచ్చాయి.

బెంగాలు వాళ్ళ కాంథా కూడా అంతే. అరిగిపోయిన చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరిచి, సన్నని పరుగు కుట్టుతో కలిపేస్తారు. ఆ దారం కూడా పూర్వం పాత చీరల అంచుల్లోంచి లాగినదే. జపానులో పల్లెటూరి ఆడవాళ్ళు నీలిరంగు గుడ్డ అరిగిన చోట తెల్లదారంతో వరసలు వరసలుగా కుట్టేవారు. దానికి సషికో అని పేరు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని కళ అంటోంది. వాళ్ళ సంగతెందుకు, మన ఇళ్ళల్లో బొంత కుట్టని ముసలమ్మ వుండేదా? పాతచీరల మడతలు నాలుగూ కదలకుండా వుండాలని కుట్టిన కుట్టే బొంత మీద గళ్ళయింది, తీగెలయింది. ఇన్ని చోట్ల, ఇన్ని తరాల ఆడవాళ్ళు, ఒకరినొకరు చూసుకోకుండానే ఒకే సూత్రం పట్టుకున్నారు. బలహీనమైన చోటే దారం ఎక్కువ పడాలి. దారం ఎక్కువ పడిన చోటే అందం రావాలి.

ఆ సూత్రం బ్యాగుకి ఎలా పనికొస్తుందో చూడండి. ఏ బ్యాగైనా ముందు అరిగేది మూలల దగ్గర. అక్కడ కలంకారీ ముక్కో, ఇక్కత్ ముక్కో అర్ధచంద్రాకారంలో కత్తిరించి, అంచు లోపలికి మడిచి, నాలుగు మూలలా కుట్టండి. చిరుగు మూసుకుంటుంది, చూడటానికి కావాలని వేసిన డిజైనులాగే వుంటుంది. తరువాత తెగేది పిడి మొదలు. తోలు పిడి అయితే కొత్త చిల్లులు పొడవకండి. పాత చిల్లుల్లోంచే మైనం రాసిన గట్టి దారం పొయ్యండి. దగ్గర దగ్గరగా కొత్త చిల్లులు పడితే తపాలా బిళ్ళలు చింపినట్టు తోలు అక్కడికక్కడే చిరిగివస్తుంది. రెండు సూదులు పట్టి ఒకే చిల్లులోంచి ఎదురెదురుగా కుట్టుకు వస్తే, ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది. ఆ కుట్టు అయ్యాక, దాని మీద కావాలంటే ఒక కుచ్చు వేళ్ళాడదీయండి. అప్పుడు నేనేమీ అనను.

పట్టుచీర అంచు వేస్తారా, శుభం. కానీ జరీ అంచు వెనకవైపు పోగులు వదులుగా వుంటాయి. గోరు తగిలితే చాలు లేచివస్తాయి. అడుగున పాత నూలుగుడ్డ ముక్క పరిచి, రెండూ కలిపి ముందు టాకాలు వేసుకుని, అప్పుడు బ్యాగుకి కుట్టండి. ఆ చీర అమ్మమ్మగారి కాలందయితే మాత్రం కత్తెర పెట్టే ముందు ఆగండి. అసలైన జరీ అంటే వెండి తీగెకి బంగారు పూత. పాతచీరలు కొనే వాళ్ళు వీధుల్లో కేకేసుకుంటూ తిరిగింది మీ పువ్వుల మీద ప్రేమతో కాదు, ఆ వెండి కోసం. తెలిసి కత్తిరించండి, తెలియక కత్తిరించకండి. అద్దాలు వేస్తే వొంటికి రాసుకునే వైపు వెయ్యకండి. ఇక అస్తరు. బయట ఎన్ని పువ్వులు కుట్టినా మీరు రోజూ చెయ్యి పెట్టేది లోపలే. పాత నూలు చీర మెత్తగా వుంటుంది, దానితో కొత్త అస్తరు వేసి, తాళంచెవులకి ఒక చిన్న అర కుట్టండి. ఎవరికీ కనపడని ఆ పనే ముందు చెయ్యవలసిన పని.

"ఇదంతా బాగానే వుందిగాని, మాకు టైమెక్కడిదండీ? కళ్ళు కూడా ఇదివరకటిలా కనపడటం లేదు" అంటారు. రాళ్ళు ఒక్కొక్కటే పట్టకారతో పట్టి వరస తప్పకుండా అంటించటానికి టైమూ, కళ్ళూ రెండూ వున్నాయి గదా! సరే, తోలు మీద సూది దిగదనుకోండి, వీధి చివర చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళండి. ఆరెతో చిల్లి పొడిచి పది నిమిషాల్లో పిడి బిగించి ఇస్తాడు. అతని దగ్గర అయిదు రూపాయలకి బేరమాడి, అటునుంచి అటే వెళ్ళి రాళ్ళ పొట్లానికి అడిగినంతా ఇచ్చి రావటం మనకే చెల్లింది. ఇదెక్కడి న్యాయం? పనితనానికి బేరం, ప్లాస్టిక్కుకి మర్యాదా?

ఇంకొందరు, "వూరికే కాలక్షేపానికి చేస్తున్నాం, దానికింత శాస్త్రమెందుకండీ" అని తేల్చేస్తారు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఈ మాటకే. మన చేతిపనిని చెడగొట్టింది ఈ కాలక్షేపం అన్న మాటే. పశ్చిమగోదావరిలో నరసాపురం లేసు గురించి మీకు తెలుసు కదా. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా ఆ ప్రాంతానికి వచ్చిన ఆ పని వేలాది ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. వాళ్ళు అల్లిన లేసు సముద్రాలు దాటి వెళ్ళింది. మరీయా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆ పుస్తకం ఎత్తిచూపిన సంగతి ఒక్కటే. విదేశాలకి సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలని పనివాళ్ళని ఎవరూ అనలేదు. ఇంట్లో వూరికే కూర్చున్న ఆడవాళ్ళు, తీరిక వేళల్లో చేసుకుంటున్నారు, అన్నారు. తీరిక వేళల్లో చేసే పనికి కూలి ఎంత ఇస్తారు? ఏదో చేతిలో పెడతారు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. సరుకుకి గుర్తింపు వచ్చింది సరే, ఆ చేతులు చేసేది పనేనన్న గుర్తింపు అందరి నోటా ఎప్పుడు వస్తుంది?

నరసాపురానికీ మన బ్యాగుకీ ఏమిటి సంబంధమంటారా? వుంది. మనం చేసేదాన్ని మనమే కాలక్షేపమంటే, అది నిలవకపోయినా మనకి పట్టదు. నిలవనిదాన్ని చూసి పక్కవాళ్ళు ఆడవాళ్ళ చేతిపని ఇంతేలే అంటారు. వడ్రంగి కుర్చీ చేసి, కాలు వూగుతోందంటే కాలక్షేపానికి చేశానంటే వూరుకుంటామా? మీ రెండు గంటలు మీరే వూరికే పోయే గంటలనుకుంటే, ఇంట్లో ఇంకెవరు లెక్కలోకి తీసుకుంటారు?

పైగా ఇది ఏదో షోకేసులో బొమ్మ కాదు, హ్యాండ్‌బ్యాగు. దాని విలువ తెలియాలంటే కొంగుముడి గురించి తలుచుకోవాలి. మన అమ్మమ్మలకి తమదని చెప్పుకోవటానికి వున్న చోటు కొంగున కట్టిన ముడి ఒక్కటే. అందులో నాలుగు డబ్బులు, ఒక తాళంచెవి. ఆ తరువాత తరంలో టీచర్లుగా, నర్సులుగా, ఆఫీసుల్లో గుమాస్తాలుగా బయటికి వెళ్ళిన ఆడవాళ్ళ భుజానికి బ్యాగు వచ్చింది. ఇంట్లో బీరువా తాళం ఎవరి దగ్గరున్నా, ఆ బ్యాగు మాత్రం ఆవిడదే. అందులో జీతం, బస్సు పాసు, తలనొప్పి మాత్ర, పిల్లవాడి ఫీజు రసీదు, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న వంద నోటు. అది చిరిగితే చిల్లర ఒక్కటే జారదు.

మా మేనత్త స్కూల్లో టీచరు. ఆవిడ తోలు బ్యాగు ఒక్కటే ఇరవై రెండేళ్ళు మోసింది. మూలలకి మూడుసార్లు ముక్కలు వేయించింది. మూడూ మూడు రంగులు. ఆకుపచ్చ ముక్క చూపించి, "ఇది మీ బావకి ఉద్యోగం వచ్చిన ఏడు వేయించాను" అనేది. ఎర్రది పెద్దమ్మాయి కాన్పు ఏడు. ఆ బ్యాగు మీద ఒక్క రాయి లేదు. అయినా అంత అందమైన బ్యాగు నేను ఇంకెక్కడా చూడలేదు. ఎందుకంటే దాని మీద వున్న ప్రతి రంగుకీ అక్కడ వుండటానికి ఒక కారణం వుంది.

మన పిల్లలకి క్రాఫ్టు అంటే జిగురు డబ్బా అని నేర్పుతున్నాం. స్కూలువాళ్ళు ఏదో చెయ్యమంటే, రాత్రి పదింటికి అమ్మ అంటించి పంపుతుంది, పొద్దున బడికి చేరేలోగా సగం వూడుతుంది. దాని బదులు బొత్తాం కుట్టటం నేర్పండి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ నేర్పండి. వూడిన బొత్తాంతో వచ్చి "అమ్మా" అని నిలబడే ముప్ఫై ఏళ్ళ కొడుకుని చూస్తే ముచ్చటేస్తుందేమోగాని, అది మురిసిపోవలసిన సంగతి మాత్రం కాదు.

కాబట్టి అమ్మాయిలూ, వదినలూ, పిన్నులూ! జిగురు తుపాకీ కింద పెట్టి సూది చేతిలోకి తీసుకోండి. గోనె బ్యాగయితే దబ్బనం తీసుకోండి. బీరువా మీద పడివున్న ఆ పాత బ్యాగుని దించి, దుమ్ము దులిపి, రోజూ మీరు మోసే సామానంతా అందులో పెట్టండి. భుజాన తగిలించుకుని ఇంట్లో నాలుగు అడుగులు అటూ ఇటూ వెయ్యండి. అది ఎక్కడ మూలుగుతుందో చెవి పెట్టి వినండి. మొదటి పువ్వు అక్కడ కుట్టండి.